చెరువు పచ్చబడ్డది, మైలుతుత్తం చల్లాల్నా వద్దా?

పరకాల దిక్కు నుంచి ఒక చెల్లె రాసిన ఉత్తరం ఇది, పొడుగుంది, కొంచెం కత్తిరించి పెడుతున్న:

"అన్నా నమస్తే. మా ఊరి చెరువు పదిహేను దినాల నుంచి పచ్చ పెయింట్ డబ్బా ఒలకబోసినట్టు అయింది. కట్ట దిక్కు మీగడ లెక్క పేరుకొని వాసనొస్తుంది. మా ఆయన చేపల సొసైటీల మెంబరు, వాళ్ళంత మైలుతుత్తం చల్లుదామని పైసలు జమ చేస్తున్నరు. మా కొడుకు ఇంటర్ బైపీసీ, పాచి చంపితే ఆక్సిజన్ ఉండదు, లోకంల సగం ఆక్సిజన్ అదే ఇస్తది, ముట్టొద్దు అని తండ్రితోని లొల్లి. మా మరిదేమో ఇది స్పిరులినా, బలానికి తినే పాచి, ఎండబెట్టి అమ్ముదాం అంటడు. మా బర్లు ఆ నీళ్ళే తాగుతయి. పది రోజులల్ల సద్దుల బతుకమ్మ, ఆడోళ్ళం అందరం ఆ నీళ్ళల్ల దిగాలె. అసలు ఈ పాచి ఏంది, మంచిదా చెడ్డదా, నేను ఎవరి మాట వినాలె?"

చెల్లె, ముందు పని మాట చెప్త, కథ తర్వాత చెప్త. మైలుతుత్తం, అంటె కాపర్ సల్ఫేట్ అనే రాగి ఉప్పు, దాని ముచ్చట ఆపుండ్రి. జమైన పైసలు పారేసుకోకుండ్రి, వాటితోని వేరే పని ఉంది, కింద చెప్త. బర్లను ఇయ్యాల్టి నుంచే చెరువుకు తోలకు, ఇంటికాడ గోలెంల బోరు నీళ్ళు పెట్టు, రేపు మాపు అనకు. పిల్లల ఈత బంద్. ఇగ మీ ఇంట్ల ముగ్గురు మొగోళ్ళు మూడు మాటలు చెప్పిండ్రు గదా, నా లెక్కల మీ కొడుకుది ముప్పావు కరెక్టు, మీ ఆయన కోపం కరెక్టే గాని మందు తప్పు, మరిది మాట మాత్రం అసలే వినకు.

నేను హన్మకొండల జూనియర్ కాలేజీల బాటనీ చెప్పి రిటైరైన మనిషిని. ఏటా ఫస్టియర్ పిల్లలకు ఈ పాఠం మొదలుపెట్టంగనే ఒక్కటే తిప్పలు, "శైవలం" అంటె ఒక్కడు తలకాయ ఊపడు, "పాకురు" అంటె క్లాసంత నవ్వుతది, బాయి మెట్ల మీద జారి పడనోడు ఎవడుండు మరి. మనం పాకురు అంటం, పాచి అంటం, నీళ్ళల్ల దారాల లెక్క తేలితె నాచు అంటం, పుస్తకాలల్ల శైవలాలు, డాక్యుమెంటరీలల్ల ఆల్గే. పేర్లు ఇన్ని పెట్టుకొని కూడ పచ్చగ జారేదంత ఒక్కటే జాతి అనుకుంటం, అక్కడనే దెబ్బతింటం. ఆల్గే అంటె ఒక్క కుటుంబం కాదు, అంగడి లెక్క అనుకో, తలా ఒక ఊరి నుంచి వచ్చినోళ్ళు ఒక్క తాన గంపలు దించుకొని కూసున్నరు. వాళ్ళను కలిపేది ఒక్కటే ముచ్చట, ఎండతోని తిండి తయారు చేసుకుంటరు గాని చెట్టుకున్నట్టు అసలైన వేరు, కాండం, ఆకు, పువ్వు ఏవీ ఉండవు. కంటికి ఆననియి ఉన్నయి, అమెరికా పడమటి తీరంల కెల్ప్ అని 40 మీటర్లు దాటి పెరిగేటివి ఉన్నయి, తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత. పచ్చయి, ఎర్రయి, గోధుమ రంగువి, గాజు పెంకు తొడుక్కున్న డయాటంలు, ఇవన్నీ దాంట్లనే. ఇంకొకటి నీలి ఆకుపచ్చ రకం, దాన్ని ఆల్గే అని పిలుస్తరు గాని అసలుకు అది బాక్టీరియా, సైనోబాక్టీరియా. మీ చెరువుల ఉన్నది ఇదే అని నా అనుమానం.

అనుమానం ఎందుకు, మీరే తేల్చుకోవచ్చు, పైస ఖర్చు లేదు. ఒక పొడుగు కట్టె తీసుకొని ఆ పచ్చ మీగడల ముంచి లేపు. కట్టెకు జుట్టు లెక్క, తడి దూది లెక్క దారాలు ఏలాడితె అది నాచు, పచ్చ రకం, చిరాకు పెడ్తది గాని విషం కాదు. సన్న సన్న ఆకులు గింజల లెక్క అంటుకుంటె అది పాచే కాదు, నీళ్ళ మీద తేలే చిన్న మొక్క. కట్టె పెయింట్ డబ్బాల ముంచినట్టు పచ్చగ పూత పట్టి వస్తె అప్పుడు జాగ్రత్త పడాలె. రెండో పరీక్ష మీ కొడుకుతోని చేపియ్యి, చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కొని ఒక గాజు సీసాల ముప్పావు వంతు ఆ నీళ్ళు పట్టి రాత్రంత కదపకుండ ఒక మూలకు పెట్టుమను. తెల్లారి పచ్చదంత అడుగుకు దిగితె మామూలు పచ్చ రకం అనుకోవచ్చు, పైకి తేలి మూతి కాడ పచ్చ రింగు కట్టితె నీలి ఆకుపచ్చ రకం. ఎందుకు తేలుతదంటె దాని కణంల చిన్న చిన్న గాలి బుడ్డలు ఉంటయి, పొద్దుగాల ఎండకు పైకి వస్తది, మిగిలిన పాచికి ఎండ అందకుండ గొడుగు పట్టినట్టు కప్పేస్తది, మస్తు తెలివి గలది.

ఈ రకంల కొన్నిటికి విషం ఉంటది, అన్నిటికీ కాదు, ఒక్కటే జాతిల కూడ ఒకసారి ఉంటది ఒకసారి ఉండదు, కంటితోని చూసి చెప్పలేం, ల్యాబ్‌ల పరీక్ష చేస్తెనే తెలుస్తది. మైక్రోసిస్టిన్ అనేది ఒకటి, కాలేయాన్ని కొడ్తది. నీళ్ళు మరగబెడితె పోతదా అంటె పోదు, ఈ ముక్క ఊరంత చెప్పు, మనోళ్ళకు మరగబెడితె అన్నీ సస్తయి అని నమ్మకం. 2014 ఆగస్టుల అమెరికాల టొలీడో అనే పట్నంల ఏరీ సరస్సు పాచి నుంచి ఈ విషం నల్లా నీళ్ళల్లకు వచ్చిందని రెండు మూడు రోజులు దాదాపు 4 లక్షల మందిని నల్లా నీళ్ళు తాగొద్దన్నరు. 2020ల ఆఫ్రికాల బోట్స్వానా దేశంల 300కు పైగా ఏనుగులు పడి సచ్చినయి, నీటి గుంటలల్ల ఈ సైనోబాక్టీరియా విషమే కారణం అని అక్కడి సర్కారు చెప్పింది. ఏనుగులకే గట్లయితె బర్రె ఎంత. నిన్ను భయపెట్టుడు కాదు, గాలికి పచ్చ మీగడ కొట్టుకొచ్చి పేరుకున్న ఒడ్డున కూడ బర్లు మూతి పెడ్తయి, అదే ఆపాలె అంటున్న. ఇప్పటికే తాగిన బర్రె మేత ముట్టకపోయినా, తూలినా, వణికినా ఆలస్యం చెయ్యకుండ పశువుల డాక్టర్‌ను పిలువుండ్రి, చెరువు పచ్చగుందన్న ముచ్చట ఆయనకు ముందే చెప్పుండ్రి.

ఇగ మైలుతుత్తం. అది పాచిని సంపుతది, సందేహం లేదు. నేను డిగ్రీల ఉన్నప్పుడు మా మేనమామ చేపల కుంట ఇట్లనే పచ్చబడ్డది, కొత్తగ చదువుకొచ్చిన అల్లుణ్ణి గదా, నేనే సలహా ఇచ్చిన, గోనె సంచిల మైలుతుత్తం మూట గట్టి థర్మాకోల్ తెప్ప ఎనుక కట్టుకొని కుంటంత గుంజినం. రెండో రోజుకు నీళ్ళు తేటపడ్డయి, మామ నా భుజం తట్టిండు, అత్త కోడి కోసింది. మూడో రోజు పొద్దుగాల లేచి చూస్తె కుంట నిండ తెల్లగ బొచ్చెలు, రవ్వులు కడుపులు పైకి పెట్టుకొని తేలుతున్నయి. మామ ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ. అప్పటికి నాకు అర్థం కాలే, తర్వాత తెలిసింది, పాచి అంత ఒక్కసారి సస్తె అది అడుగుకు పోయి కుళ్ళుతది, కుళ్ళబెట్టే బాక్టీరియా నీళ్ళల్ల ఉన్న ఆక్సిజన్ అంత గుంజుకుంటది, చేపలకు ఊపిరి ఆడదు. పైంగ ఆ పాచి విషం రకం అయితె బతికున్నప్పుడు విషం ఎక్కువ దాని కణంలనే ఉంటది, మనం సంపితె కణం పగిలి అంత నీళ్ళల్ల కలుస్తది. అంటె మీ ఆయన వాళ్ళు చల్లితె చూడనీకి నీళ్ళు మంచిగయితయి, లోపల ఇంకా పాడయితయి. రాగి ఎటూ పోదు, అడుగు మట్టిల కూసుంటది, రేపు ఎండకాలం అదే పూడిక మట్టి ట్రాక్టర్లతోని చేన్లకు కొట్టుకుంటం. ఇంత చేసినా పాచి పోతదా అంటె నెల తిరగకుండ మళ్ళ వస్తది, దాని మేత అక్కడనే ఉంది గదా.

మేత అన్నా గదా, అసలు రోగం అదే చెల్లె. పాచి రోగం కాదు, జ్వరం అసొంటిది, చెరువుకు తిండి ఎక్కువయింది. ఇది ఎట్ల తేలిందో చెప్త, నాకు పాఠంల అన్నిటికంటె ఇష్టమైన ముక్క. 1960లల్ల కెనడా, అమెరికా దిక్కు సరస్సులు వరుసబెట్టి పచ్చబడుతుంటె సబ్బు పొడి కంపెనీలోళ్ళు మా సబ్బుల భాస్వరం తప్పు కాదు అన్నరు, ఒకరు కార్బన్ అన్నరు, ఒకరు నత్రజని అన్నరు. డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన జట్టు 1973ల ఏం చేసిండ్రంటె కెనడాల ఒక సరస్సును నడుమ నుంచి ప్లాస్టిక్ తెర కట్టి రెండు ముక్కలు చేసిండ్రు. ఒక దిక్కు కార్బన్, నత్రజని కలిపిండ్రు, ఇంకో దిక్కు ఆ రెండూ కలిపి మీదికెల్లి భాస్వరం కూడ కలిపిండ్రు. భాస్వరం కలిపిన దిక్కు పచ్చటి పాచి కమ్ముకుంది, తెర ఇవతల మామూలు నీళ్ళు. పైకెల్లి విమానం నుంచి తీసిన ఫోటో చూస్తె సగం పచ్చ, సగం నల్లగ, ఒక్క చెరువు రెండు రంగులు. ఆ ఒక్క ఫోటో పది పుస్తకాల పని చేసింది, తర్వాత సబ్బులల్ల భాస్వరం తగ్గించుడు అక్కడ మొదలైంది.

మన దిక్కు భాస్వరం ఎక్కడిదంటె ఎతుకుడు అక్కర లేదు, డీఏపీ సంచి మీదనే రాసుంటది, 18-46 అని. ఆ 46 అంటె నూటికి 46 వంతులు భాస్వరం ఆక్సైడ్ లెక్క, దాంట్ల అసలు భాస్వరం ఒక్కటే తీస్తె 50 కిలోల సంచిల 10 కిలోల దాకా ఉంటది. ఒక్క కిలో భాస్వరం పాచికి అందితె పచ్చి బరువుల 500 కిలోల పాచి దాకా లేస్తదని అంచనా కట్టిండ్రు. వరికి డీఏపీ ఏసినంక మస్తు వాన కొట్టి గట్లు తెగి పారితె ఆ నీళ్ళు ఎటు పోతయి, ఒర్రెలబడి చెరువుకే. ఊరి మోరీలు చెరువుల కలుస్తయి, సబ్బు, ఉచ్చ, అన్నం గంజి అన్నీ మేతే. చేపలు జల్ది పెరగాలని కొందరు కోళ్ళ పెంట కుమ్మరిస్తరు, మీ ఆయన సొసైటీల ఆ పని చేస్తున్నరో లేదో అడుగు, నువ్వు రాయలేదు గాని నాకెందుకో అనుమానం కొడ్తుంది. ఇంత మేత పడ్డంక వానలు ఆగి పది రోజులు గట్టి ఎండలు కొట్టి గాలి లేకుండ నీళ్ళు కదలకుంట ఉంటె చాలు, బతుకమ్మ ముందు ఇట్ల అయ్యేది అందుకే. మీరు జమ చేసిన పైసలు ఉన్నయి గదా, చెరువుల మోరీ కలిసే కాడ ఒక గుంట తీపిచ్చి దాంట్ల తుంగ, జమ్ము పెంచుండ్రి, మురికి నీళ్ళు దాంట్ల ఆగి కొంత మేత అక్కడనే తిని అప్పుడు చెరువుల పడుతయి. మైలుతుత్తం ఒక్క నెల పని, ఇది ఏండ్ల పని. ఎండకాలం పూడిక తీసినప్పుడు కూడ కొంత మేత మట్టితోని బయటికి పోతది, అది చేన్లకు బలమే గదా, మన పెద్దోళ్ళు చెరువు మట్టి కొట్టుడు ఊరికే నేర్పలే.

మీ కొడుకు మాట కొస్త. వాడన్నది నిజమే, భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియల దాదాపు సగం సముద్రంల తేలే ఈ సూక్ష్మ పాచిదే, బరువు చూస్తె లోకంల మొక్కలన్నిట్ల నూటికి ఒక్క వంతు కూడ ఉండదు, పని చూస్తె సగం. ఎట్ల అంటె ఇయ్యాల పుట్టి రేపెల్లుండికి తినబడుతయి, మళ్ళ పుడుతయి, చెట్టు లెక్క కట్టె పెంచుకుంట కూసోవు. కాకపోతె వాడు ఒక ముక్క మర్చిపోయిండు, ఆ ఆక్సిజన్ ఎక్కువ సముద్రంలనే జీవాలు పీల్చుకొని ఖర్చయిపోతది, మనం పీల్చేది కోట్ల ఏండ్లు కొద్దికొద్దిగ మిగిలి జమైన మూట. మీ ఊరి చెరువు పాచి సచ్చినంత మాత్రాన పరకాలల ఎవరికీ ఊపిరి ఆగదు, ఆ లెక్క వాడికి చెప్పు, నొచ్చుకోకుండ చెప్పు.

అయితె వాడి కోపం ఎనుక ఉన్న ముచ్చట పెద్దదే. దాదాపు 240 కోట్ల ఏండ్ల కిందటి దాకా భూమి గాలిల ఆక్సిజన్ ఉన్నట్టా లేనట్టా, నీళ్ళను చీల్చి ఆక్సిజన్ ఒదులుడు నేర్చి గాలిని నింపింది ఈ నీలి ఆకుపచ్చ రకమే. వాటి గుర్తులు మన కాళ్ళ కిందనే ఉన్నయి. నర్సంపేట కాడి పాకాల చెరువు మీకు ఎరుకే, కాకతీయ గణపతిదేవుని కాలం నాటిది. ఆ చెరువు పేరు మీదనే భూగర్భ శాస్త్రమోళ్ళు గోదావరి లోయల ఉన్న ముసలి రాళ్ళకు పాఖాల్ రాళ్ళు అని పేరు పెట్టుకున్నరు, వంద కోట్ల ఏండ్లు దాటినయి. వాటి సున్నపురాయి పొరలల్ల కొన్ని తాన్ల ఉల్లిగడ్డ అడ్డం కోస్తె కనబడే అసొంటి పొరలు ఉంటయి, స్ట్రొమటోలైట్లు అంటరు, పాచి చాప లెక్క పరుచుకొని మీద మన్ను పడి మళ్ళ దాని మీద పాచి పరుచుకొని అట్ల రాయైనయి. కడప జిల్లా వేంపల్లె దిక్కు ఇంకా తేటగ కనబడుతయి. ఆ తర్వాత ఎప్పుడో ఈ రకం పాచి ఒకటి పెద్ద కణంలకు పోయి అక్కడనే కాపురం పెట్టింది, ఆకుల పచ్చదనం ఇచ్చే క్లోరోప్లాస్ట్ అదే, అంటె మీ పొలంల వరి ఆకు పచ్చగ ఉందంటె లోపల పాచి వారసుడు పని చేస్తున్నట్టు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు రెండు రోజులు అన్నం సయించలే, నువ్వు నవ్వొచ్చు.

మంచిదా చెడ్డదా అని అడిగినవ్. మీ ఇంట్లనే ఎన్ని తాన్ల ఉందో చూడు. బిర్యానీల ఏసే రాతి పువ్వు, కిరాణంల పత్తర్ ఫూల్ అంటరు, అది పువ్వు కాదు, బూజు, పాచి కలిసి ఒక్క ఇంట్ల ఉండే లైకెన్, బూజు ఇల్లు కట్టి తేమ పట్టుకుంటది, పాచి వంట చేస్తది. చైనా గ్రాస్ అని దుకాణాలల్ల దొరికేది సముద్రంల పెరిగే ఎర్ర రంగు పాచి నుంచి తీసిన అగర్, మీ కొడుకు ల్యాబుల బాక్టీరియా పెంచే జెల్లీ కూడ అదే. ఐస్‌క్రీం, టూత్‌పేస్టులల్ల చిక్కదనానికి కూడ సముద్రపు పాచి సరుకు కలుపుతరు. వరి మడిల నీళ్ళ మీద సన్నగ తేలే నీలి ఆకుపచ్చ పాచి గాలిల నత్రజనిని పట్టి మట్టికిస్తది, ఇది పి.కె. డే అనే మన శాస్త్రవేత్త 1939లనే చూపిచ్చిండు. నాటేసిన పది రోజులకు ఎకరానికి 4 కిలోల ఎండు పాచి ఎరువు చల్లుమని చెప్తరు, హెక్టారుకు ఒక పంటల 20, 30 కిలోల నత్రజని దాకా వస్తదని లెక్క. అజొల్లా ఏస్తరు గదా బర్లకు, అది పాచి కాదు ఫెర్న్ మొక్క, కని దాని ఆకు సందుల అనబీనా అనే పాచి దాక్కొని అదే నత్రజని పని చేస్తది. ఇంక చేపల ముచ్చట చెప్పనే అక్కర లేదు, పాచిని చిన్న పురుగులు తింటయి, పురుగులను బొచ్చె తింటది, బొచ్చెను మనం. పాచి అసలే లేని చెరువు అంటె చేపలు లేని చెరువు. అందుకే మీ ఆయనకు చెప్పు, పాచిని సంపుడు కాదు, తగ్గిచ్చుడు కావాలె.

ఎంత ఉంటె సరి అని అడుగుతడు ఆయన. చెయ్యి చాపి నీళ్ళల్ల ముంచాలె, ఇప్పుడు వద్దు, నీళ్ళు బాగైనంక. మోచేయి మునిగేదాకా పోతె అరచేయి కనబడకుండ అయితుంటె సరిగ్గ ఉన్నట్టు, మణికట్టు కాడనే అరచేయి మాయమైతె పాచి ఎక్కువైనట్టు, మోచేయి దాటినా వేళ్ళు లెక్కబెట్టొస్తె చేపలకు మేత తక్కువ. ఇప్పటికైతె తెల్లారగట్ల 4, 5 గంటలకు కట్ట మీదికి పోయి చూడుమను. పాచి పగలు ఆక్సిజన్ ఒదులుతది గాని రాత్రి అది కూడ మన లెక్కనే పీల్చుకుంటది, అందుకే తెల్లారేసరికి నీళ్ళల్ల ఆక్సిజన్ అడుగంటుతది, మబ్బు పట్టిన రోజు మరీ. చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తుంటె మోటర్ పెట్టి చెరువు నీళ్ళనే పైకి చిమ్మి మళ్ళ చెరువులనే పడేటట్టు చెయ్యాలె, పెంట, దాణా అన్నీ ఆపాలె, పట్టే సైజుల ఉన్న చేపను పట్టేస్తె భారం తగ్గుతది. సచ్చి తేలినదాన్ని మాత్రం ఎవరూ తినొద్దు, అమ్మొద్దు. బతికున్న చేపనైనా ఈ నెల పేగులు, కార్జం పారేసి మంచి నీళ్ళతోని కడిగి వండుండ్రి. మట్టి వాసన కొడ్తదని అనుకుంటుండొచ్చు మీరు, అది జియోస్మిన్ అనే పదార్థం, నీలి ఆకుపచ్చ రకంల కొన్ని తయారు చేస్తయి, విషం కాదు, పులుపుకు విరుగుతది, మనం చింతపండు పులుసు పెట్టేది ఊరికే కాదు.

స్పిరులినా ముచ్చట రెండు ముక్కలల్ల. స్పిరులినా కూడ నీలి ఆకుపచ్చ రకమే, అంత వరకు మీ మరిది కరెక్టు. ఎండు బరువుల 60 శాతం దాకా ప్రోటీన్ ఉంటది, ఆఫ్రికాల చాద్ సరస్సు దిక్కు ఆడోళ్ళు తరతరాల నుంచి దాన్ని వడగట్టి ఎండబెట్టి దిహే అని వండుకుంటరు. కని అది సౌడు నీళ్ళల్ల, మస్తు ఉప్పు సోడా ఉన్న నీళ్ళల్ల పెరుగుతది, మన ఊరి చెరువుల ఉండేది చాలా మటుకు మైక్రోసిస్టిస్ అసొంటిది, ఇందాక చెప్పిన మైక్రోసిస్టిన్ విషం తయారు చేసే పాచి. దీన్ని ఎండబెట్టి అమ్మితె విషం ప్యాకెట్ల పోసి అమ్మినట్టే. అమ్మే ఆలోచన ఉంటె తొట్లు కట్టి, మంచి విత్తనం తెచ్చి, ల్యాబ్ టెస్టులు చేపిచ్చుకొని అమ్మాలె, అంత ఓపిక ఉందా అని అడుగు, ఉండదనే నా నమ్మకం.

బతుకమ్మ సంగతి. తంగేడు, గునుగు పూలు చెరువు నీళ్ళను శుద్ధి చేస్తయి అని ఏటా వాట్సాప్‌ల తిరుగుతది, దాన్ని నమ్ముకొని మాత్రం ఈ నీళ్ళల్ల దిగకుండ్రి, పూలైనా కుళ్ళితె చెరువుకు ఇంకింత మేతే. ఆట చెరువు కట్ట మీదనే ఆడుండ్రి, దానికేం కాదు. నిమజ్జనానికి గాలి ఎటు కొడ్తుందో చూసుకొని గాలి వచ్చే దిక్కు ఒడ్డుకు పోండ్రి, ఈ మీగడ గాలికి కొట్టుకపోయి అవతలి ఒడ్డుకే చేరుతది, ఇవతల నీళ్ళు కొంచెం తేటగ ఉంటయి. మోకాళ్ళ దాకా దిగే పని లేకుండ ఇద్దరు మొగోళ్ళను బూట్లు తొడిగి నిలబెట్టి వాళ్ళ చేతికి అందియ్యుండ్రి. గౌరమ్మ పసుపు తీసుకొనేటప్పుడు ఆ నీళ్ళు మొఖం మీద చల్లుకోవద్దు, పిల్లల నోట్ల పడనియ్యొద్దు, ఒక డ్రమ్ముల బోరు నీళ్ళు కట్ట మీద పెట్టి కాళ్ళు చేతులు కడుక్కొని ఇంటికి పోండ్రి. అప్పటికి ఇంకా మీగడ అట్లనే ఉంటె జేసీబీతోని చెరువు పక్కకు చిన్న గుంట తీపిచ్చి బోరు నీళ్ళు నింపి దాంట్లనే సాగనంపుండ్రి, జమ చేసిన పైసలల్ల దానికీ సరిపోతయి. పెద్దమ్మలు ఒప్పుకోరు అంటవేమో, నిండ గంగమ్మే గదా అని చెప్పు, గంగమ్మ బోరుల నుంచి వచ్చినా గంగమ్మే.

సీసా పరీక్ష చేసినంక ఏమైందో రాయి. తేలితె చేపల శాఖ ఆఫీసుల, పశువుల ఆస్పత్రిల చెప్పి నీళ్ళు ల్యాబ్‌కు పంపమని అడుగుండ్రి. దిగితె కొంచెం మనసు నిమ్మలం చేసుకో, బర్లను మాత్రం నీళ్ళు తేటయ్యేదాకా తోలకు. మీ కొడుకుకు చెప్పు, తండ్రితోని లొల్లి పెట్టుకునుడు కంటె ఆ నీళ్ళ చుక్క ఒకటి కాలేజీ మైక్రోస్కోప్ కింద పెట్టి చూడుమని, గుండ్రటి నురగ ముద్దల లెక్క కనబడితె మైక్రోసిస్టిస్ కావచ్చు, ముత్యాల దండ లెక్క ఉంటె అనబీనా, లోపల పచ్చ రిబ్బను స్ప్రింగు చుట్టుకున్నట్టు ఉంటె స్పైరోగైరా, అది వాడి పుస్తకంల బొమ్మ ఉంటది. ఇంకో మాట, సీసా మూత గట్టిగ బిగియ్యొద్దని చెప్పు, మా ఇంట్ల ఒకసారి నేను బిగిచ్చి మర్చిపోయి వారం తర్వాత తీసిన, మా ఆవిడ ఇప్పటికీ ఆ సీసాల నీళ్ళు తాగదు.